కంగారు పడే నాయికని స్పృహ తప్పించకండి

విజయనగరం

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ధారావాహికగా వేయడానికి ప్రేమ నవలలు పంపమని వేసిన ప్రకటన చూశాం. ఈ కాలపు మానసిక ఆందోళన కూడా కథలో కనిపించాలని అడిగారు. మాలో కొందరం కథలూ నవలలూ అచ్చుకి ముందు చదివి దిద్దుతుంటాం. కొందరం ఆందోళనతో వచ్చేవాళ్ళకి వైద్యం జరిగే చోట పనిచేస్తున్నాం. ఇటునుంచి చూసినా అటునుంచి చూసినా ఇలాంటి నవలలు ఒకే చోట బోల్తా పడుతున్నాయి. అమ్మాయికి గాభరా వస్తుంది. అబ్బాయి వచ్చి చెయ్యి పట్టుకుని "నేనున్నాను కదా" అంటాడు. గాభరా పోతుంది. నాలుగోసారీ అదే మాట, నలభయ్యోసారీ అదే మాట. అసలు ఆ మాటే గాభరాని మేపుతుంది. ఈ సంగతి పట్టుకున్న రచయితకి 26 వారాలకి సరిపడా కథ దొరుకుతుంది. పట్టుకోనివాళ్ళకి ఆరో వారానికే సరుకు అయిపోతుంది.

ముందు ఒంటి సంగతి చెప్పుకుందాం. మన నవలల్లో భయపడ్డ ఆడపిల్ల కళ్ళు తిరిగి పడిపోవాలి, నేల తగిలేలోపు నాయకుడు పట్టుకోవాలి. పానిక్ అటాక్‌లో, అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే గాభరాలో, ఇది చాలా అరుదు. స్పృహ తప్పాలంటే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవాలి. గాభరాలో గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది. పడిపోతానేమోనన్న భయం మాత్రం నిలువెల్లా ఉంటుంది. రక్తమో సూదో చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళది వేరే లెక్క. వాళ్ళకి రక్తపోటు కాస్త పెరిగి, వెంటనే జారిపోతుంది. కాబట్టి మీ నాయిక రక్తదాన శిబిరంలో పడిపోవచ్చు. రైల్లో గాభరాపడి పడిపోకూడదు.

అసలు జరిగేది ఇది. ఊపిరి ఆడటం లేదనిపించి గబగబా పీలుస్తుంది. నిజానికి అప్పటికే అవసరానికి మించి పీలుస్తోంది. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది, తల తేలిపోతుంది. ఛాతీ పట్టేస్తుంది, చెమటలు పడతాయి, చుట్టూ ఉన్నవాళ్ళు అద్దానికి అవతల మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. "చచ్చిపోతున్నాను" అనో "పిచ్చెక్కిపోతోంది" అనో గట్టిగా నమ్ముతుంది. ఇదంతా చాలావరకు పది నిమిషాల్లోపే పతాక స్థాయికి చేరి, అరగంటలో దిగుముఖం పడుతుంది. ఆ తరవాత మిగిలేది ఒళ్ళంతా పిండేసిన నీరసం, నలుగురూ చూశారన్న సిగ్గు. ఈ సిగ్గుని రాసేవాళ్ళు తక్కువ. దీపాలు పెట్టే వేళ మొదలైన అటాక్ కోడి కూసేదాకా సాగిందని రాస్తే మాత్రం అది అటాక్ కాదు.

రాత్రంతా సాగేది చింత. దాని స్వభావం వేరు. అటాక్ వరదలా వచ్చి పోతుంది, చింత ముసురులా పట్టి వదలదు. ఆర్నెల్లకి తక్కువ కాకుండా ఎక్కువ రోజులు, ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతూ ఉండే ఆదుర్దాని డాక్టర్లు ప్రత్యేకమైన జబ్బుగా లెక్కిస్తారు. మెడా భుజాలూ బిగిసిపోవడం, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం, చిరాకు. ఈ చివరిది గుర్తు పెట్టుకోండి. మన ప్రేమ నవలల్లో ఆందోళన పడే నాయిక ఎప్పుడూ లేడిపిల్లే. నిజంగా అలాంటి మనిషి అమ్మ మీద కసురుకుంటుంది, అన్నం కంచం ముందునుంచి లేచిపోతుంది, అరగంట తరవాత వెళ్ళి అమ్మ పక్కలో పడుకుంటుంది. ఈ కసురు లేకపోతే పాఠకులకి ఆమె మీద జాలి పుడుతుంది గాని ప్రేమ పుట్టదు.

ఇంకో సినిమా అలవాటు కాగితం సంచి. ముక్కూ నోరూ కప్పి అందులోకి ఊపిరి వదిలించమని ఇప్పుడు డాక్టర్లు సలహా ఇవ్వడం లేదు. ఉబ్బసమో గుండె జబ్బో ఉంటే అది ప్రమాదం. నాయకుడికి ఏదో ఒక పని ఇవ్వాలనుకుంటే నెమ్మదిగా నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమని చెప్పించండి. నిమిషానికి ఆరు శ్వాసలు పడతాయి. మామూలు మనిషి నిమిషానికి 12 నుంచి 20 తీసుకుంటాడు. అయితే ఈ లెక్కనే నాయిక తాయెత్తులా పట్టుకుని, లెక్క తప్పితే ప్రాణం పోతుందని నమ్మే దశ కూడా వస్తుంది. దాన్ని కూడా కథలో వాడుకోవచ్చు.

మన వైపు ఈ జబ్బుకి ముందుగా అసలు పేరు రాదు. విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా ఛాతీ పట్టేసిందంటే మొదటి మాట "గేస్ పట్టేసిందేటో". తరవాత "బీపీ డౌనయ్యుంటాది", ఓ సెలైన్ సీసా, ఓ బీ కాంప్లెక్స్ సూది. ఆ తరవాత దిష్టి తీయడం. అన్నిటికన్నా నొప్పించేది "అన్నీ ఉన్నాయి కదా, నీకేటే బెంగ?" అన్న ఇంటివాళ్ళ మాట. పెద్ద డాక్టరు దగ్గరికి వెళితే ఈసీజీ, థైరాయిడ్, రక్తంలో హిమోగ్లోబిన్ చూస్తారు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె దడ, చేతులు వణకడం ఇలాగే ఉంటాయి కాబట్టి అది చూడాల్సిందే. రిపోర్టులన్నీ బాగున్నాయని డాక్టరు చెప్పినప్పుడు నాయికకి సంతోషం కలగదని రచయిత తెలుసుకోవాలి. "మరి నాకేమైనట్టు?" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. ఈ ఘట్టం నాలుగో వారంలో పడితే బాగుంటుంది. మొదటి రెండు వారాలూ అటాక్ అసలు పెట్టకండి. ఆమె దేనికి నవ్వుతుందో, ఏ పని బాగా చేస్తుందో తెలిశాక మూడో వారంలో పెట్టండి.

ఇక కథ నడవాలంటే ఒక ఇరుసు కావాలి. ఉదాహరణకి ఇలా అనుకుందాం. సంతోషి చీపురుపల్లి దగ్గర సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు, ఇల్లు విజయనగరం. రామునాయుడు పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి. ద్రావకాలు మండే చోట సెల్‌ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు, లాకరులో పెట్టి వెళ్ళాలి. అంటే ఎనిమిది గంటలు అతని ఫోను మోగినా ఎత్తేవాడు లేడు. ప్రేమలో పడ్డ ఏ అమ్మాయికైనా ఇది చిన్న ఇబ్బంది. సంతోషికి ఇదే నవల. విలను అక్కర్లేదు, మేనత్త కుట్రలు అక్కర్లేదు, ఒక లాకరు తాళం చాలు.

షిఫ్టు దిగాక ఆమె అడుగుతుంది, "నామీద కోపమేటి?" అతను "లేదు" అంటాడు. ఆమెకి హాయిగా ఉంటుంది. ఎంతసేపు? మొదట్లో రెండు రోజులు. నెల తిరిగేసరికి రెండు గంటలు. మూడో నెలలో రెండు నిమిషాలు. ఎందుకు తగ్గుతుందంటే, భయం దానంతటదే దిగిపోతుందని ఆమె మనసుకి తెలుసుకునే అవకాశం ఒక్కసారీ రాలేదు. ప్రతిసారీ అతని జవాబే దించింది. కాబట్టి జవాబు లేకపోతే బతకలేనని మనసు నేర్చుకుంది. వడ్డీ కడుతూ అసలు తీరుతోందనుకోవడం లాంటిదిది. రామునాయుడు ఎంత మంచివాడైతే అంత తొందరగా ఆమె జబ్బు ముదురుతుంది. ప్రేమ నవలకి ఇంతకన్నా మంచి చిక్కుముడి ఏం కావాలి?

ఈ దశని ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా సాగదీయొచ్చు. లెక్కగా రాయండి. రోజుకి మూడు మెసేజీలు, తరవాత పదకొండు, తరవాత ఆఫీసు బాత్రూములోంచి ఫోన్లు. అతనికి నిద్ర చాలదు. రాత్రి షిఫ్టులో వాల్వు తిప్పుతూ తూగుతాడు. పదమూడో వారంలో అతను విసుగుతో అరవాలి. అరవకపోతే అతను దేవుడు అవుతాడు, దేవుడితో సంసారం చేసే నవల ఎవరూ నమ్మరు.

మలుపు ఇక్కడ వస్తుంది. ఇద్దరూ నిమ్మళంగా ఉన్న ఓ పూట కూర్చుని ఒప్పందం చేసుకోవాలి. గాభరా మీద ఉన్నప్పుడు ఒప్పందాలు పనికిరావు. ఒకే ప్రశ్నకి రోజుకి ఒక్కసారే జవాబు. రెండోసారి అడిగితే అతను ఇలా అంటాడు: "పొద్దున్నే సెప్పేను కదా సంతోసీ. మళ్ళీ సెప్తే నీ బయానికి మేతేసినట్టే. పద, గంటస్తంభం దాకా నడిసొద్దాం." ఈ మాటలో తిరస్కారం లేదు, జవాబూ లేదు, మనిషి మాత్రం పక్కనే ఉన్నాడు. ఈ మూడూ కుదిరేలా సంభాషణ రాయడానికి పది ప్రతులు చింపాల్సి రావచ్చు. ఆమె ఒప్పుకోకుండా అతనొక్కడే నిర్ణయించి జవాబులు ఆపేస్తే అది వైద్యం కాదు, హింస. "ఎలా తట్టుకుంటుందో చూద్దాం" అని రెండు రోజులు ఫోను కట్టేసే నాయకుల్ని ఇంకా రాస్తున్నారు. కాలేజీ గేటు నుంచి ఇంటిదాకా వెంటపడే నాయకుల్నీ రాస్తున్నారు. ఆందోళన ఉన్న పిల్ల వెనక అడుగుల చప్పుడు పెట్టి దానికి ప్రేమని పేరు పెట్టకండి.

భాష గురించి ఒక్క మాట. తెలుగులో ఆందోళనకి ఇల్లు "ఏమో" అనే ముక్కలో ఉంది. పడిపోయాడేమో, కోపమొచ్చిందేమో, చూసి కూడా చూడనట్టున్నాడేమో. మన వైపైతే "ఏటో". చింత పట్టిన పేరా రాసేటప్పుడు వాక్యం తెంచకండి. ఫోను తీసి, చూసి, పెట్టి, పక్క గదిలోకి వెళ్ళి, గుర్తొచ్చి, తిరిగొచ్చి, మళ్ళీ తీసి... ఇలా అసమాపక క్రియలు గొలుసుకట్టుగా పోవాలి, సమాపక క్రియ దొరక్కూడదు. ఆమెకీ దొరకదు కనక. అటాక్ వచ్చినప్పుడు దీనికి తిరగేసి రాయాలి. ముక్కలు. క్రియ లేని వాక్యాలు. చెమట. కిటికీ ఊచ. ఎవరిదో చంటిపిల్ల ఏడుపు. నవల మొత్తం మీద పూర్తి అటాక్ ఘట్టాలు మూడు దాటకూడదు, ఒక్కొక్కటి 400 మాటలకి మించకూడదు. "ఏమో"లు పేజీకి మూడు చాలు, నాలుగోది చదివేవాడికి తలనొప్పి. "గుండె ఝల్లుమంది" మాత్రం ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టి అన్నీ కొట్టేయండి.

భయస్తుణ్ణి నడిమధ్యన పెట్టి నవల నడపడం మనకి కొత్తేం కాదు. శ్రీకాకుళంలో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి "అల్పజీవి"లో సుబ్బయ్య ఇంట్లోనూ ఆఫీసులోనూ భయపడుతూ బతికేవాడే. కాని మగవాడి భయం మనకి గంభీరమైన సాహిత్యమైంది, ఆడదాని భయం వారపత్రికలో ముద్దుమాటైంది. ఇది మా ఫిర్యాదు, మీ పత్రిక ఒక్కదాని మీద కాదు.

తప్పించుకోవడం గురించి ఇంకా రాయాలి, ఎందుకంటే కథలో కదలికంతా అక్కడే ఉంది. మొదటి అటాక్ రైల్లో వచ్చిందనుకోండి. సంతోషి మర్నాటి నుంచి బస్సెక్కుతుంది. బస్సు కిక్కిరిసిన రోజు దిగిపోతుంది. తమ్ముణ్ణి బండి మీద దింపమంటుంది. తమ్ముడికి పరీక్షలొస్తే సెలవు పెడుతుంది. తప్పించుకున్న ప్రతిసారీ ఆ క్షణానికి హాయి, ఆ మర్నాటికి లోకం ఇంకాస్త చిన్నది. రైలెక్కినా ఆమెకి కొన్ని కాపలాలు ఉంటాయి. తలుపు పక్కనే నిలబడటం, నీళ్ళ సీసా, అమ్మతో ఫోను, పర్సులో గాభరా తగ్గించే అల్ప్రాజొలామ్ మాత్రల స్ట్రిప్పు. ఒక్క మాత్రా వేసుకోకుండా ఏడాదిగా మోస్తున్న ఆ స్ట్రిప్పు, వెనక రేకు చిరిగి అంకెలు చెరిగిపోయి ఉంటుంది. ఇంతకన్నా మంచి వస్తువు ఏ నవలకీ దొరకదు, వాడుకోండి.

తిరిగి ఎక్కించడానికి మెట్లు కావాలి. విజయనగరం నుంచి పలాస వైపు వెళ్ళే రైలు దారే మెట్లదారిలా ఉంటుంది: నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు. భయాన్ని సున్నా నుంచి నూరు దాకా ఆమె చేతే మార్కులు వేయించండి. ప్లాట్‌ఫారం మీద నిలబడి రైలు వెళ్ళిపోవడం చూడటానికి 30. నెల్లిమర్ల దాకా 45. గరివిడి 60. ఒక్కర్తీ చీపురుపల్లి దాకా 85. ఒక్కో మెట్టూ వారంలో నాలుగైదు సార్లు ఎక్కాలి. భయం పతాకానికి చేరినప్పుడు దిగిపోకూడదు, అప్పుడు దిగితే పాఠం తలకిందులవుతుంది. "చచ్చిపోతాను" అనుకున్నది జరగలేదని ఒంటికి తెలిసేదాకా కూర్చోవాలి. ఒకో మెట్టు దగ్గర ఒకో కాపలా వదిలేయాలి: ముందు నీళ్ళ సీసా, తరవాత తలుపు పక్క చోటు, ఆఖరున స్ట్రిప్పు. రెండు వారాలు బాగా సాగి మూడో వారం ఘోరంగా విఫలమవ్వాలి. నిజంగా అలాగే జరుగుతుంది, కథకీ అది కావాలి. రైలు ఔటర్‌లో ఇరవై నిమిషాలు ఆగిపోయిన రోజు దానికి సరిపోతుంది. మన రైళ్ళు ఆగడానికి కల్పన అక్కర్లేదు.

ఇందులో రామునాయుడు ఎక్కడుంటాడు? మొదట పక్క సీట్లో. తరవాత అదే రైల్లో వేరే పెట్టెలో. తరవాత దిగే స్టేషను ప్లాట్‌ఫారం మీద. చివరికి పైడిభీమవరంలో, షిఫ్టులో, ఫోను లాకరులో. అతను దూరం జరిగే కొద్దీ ప్రేమ చిక్కబడుతున్నట్టు రాయగలిగితే ఆ నవలని మేం డబ్బిచ్చి కొని దాచుకుంటాం.

మందుల దగ్గర తప్పులు ఎక్కువ. ఒక మాత్ర వేసుకుని మర్నాడు సీతాకోకచిలుకలా ఎగిరే నాయికలు వద్దు. ఆందోళనకి రోజూ వాడే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ. మొదటి వారంలో వికారం, గాభరా కాస్త పెరగొచ్చు కూడా, అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. "మందేసుకుంటే ఇంకా ఎక్కువైంది" అని సంతోషి అయిదో రోజున మానేయడం నమ్మదగిన పొరపాటు. బాగయ్యాక కూడా కనీసం ఆర్నెల్లు వాడమంటారు, మానేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. అల్ప్రాజొలామ్, క్లోనాజెపామ్ అరగంటా గంటలో పనిచేస్తాయి, వారాల తరబడి రోజూ వాడితే అలవాటు పడతాయి, హఠాత్తుగా మానితే ప్రమాదం. ఇవి చీటీ లేకుండా అమ్మకూడని మందులు. మీ నవలలో మందుల షాపు కుర్రాడు అడగ్గానే ఇచ్చేస్తే అది తప్పని ఇంకో పాత్ర చేత అనిపించండి. మాటల చికిత్స సాధారణంగా వారానికొకటి చొప్పున పది పదిహేను వారాలు నడుస్తుంది, ఇంటి దగ్గర చేయాల్సిన సాధన కూడా ఇస్తారు. డాక్టరు అందగాడై నాయికతో ప్రేమలో పడటం వృత్తి నేరం, త్రికోణ ప్రేమ కాదు.

కారణం గురించి. రచయితలకి ఒకే ఒక్క కారణం కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి చిన్న సంతోషి తాటాకు పాకలో ఉంది, అందుకే భయం, అని రాసేస్తారు. తుపాను భయం వేరే జబ్బుకి దారితీయొచ్చు. ఆ రాత్రి పదే పదే కళ్ళముందుకి రావడం, పీడకలలు, గాలి చప్పుడుకి ఉలికిపాటు నెల దాటినా పోకపోతే దాని పేరూ తీరూ వేరు. ఆందోళన జబ్బు చాలామందిలో ఒక్క సంఘటన నుంచి రాదు. కొంత వంశంలో, కొంత పుట్టుక స్వభావంలో, కొంత పెరిగిన ఇంట్లో. సంతోషి వాళ్ళ నాన్న ఊరెళ్ళే ముందు తాళం మూడుసార్లు లాగి చూసేవాడని ఒక్క వాక్యం రాయండి, తుపాను కన్నా ఎక్కువ చెబుతుంది.

ఆఖరి ఘట్టం కోసం అందరి కన్నూ పైడితల్లమ్మ సిరిమానోత్సవం మీద పడుతుందని మాకు తెలుసు. దసరా తరవాతి మంగళవారం, గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంటే, ఇసకేస్తే రాలని జనం మధ్య నాయిక చెయ్యెత్తి దండం పెట్టి ఒక్కసారిగా బాగుపడిపోవడం. బొమ్మ బాగుంటుంది, నమ్మకం కలగదు. మెట్లన్నీ ఎక్కాక ఇది పై మెట్టుగా పెట్టొచ్చు, ఒక సందు చివర నిలబడి మొదటి తిరుగుడు మాత్రం చూసి వచ్చేసిందని రాయొచ్చు. మిగతా రెండూ చూడలేదని అత్త వెక్కిరించొచ్చు. మొక్కు మొక్కుకోవడాన్ని తప్పుపట్టడం లేదు. మొక్కుకీ మందుకీ పోటీ పెట్టకండి, చాలా ఇళ్ళలో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

సంపాదకులుగా మీ చేతిలో ఉన్నవి రెండు. వారం వారం "సశేషం" దగ్గర నాయిక గుండె పట్టుకుని ఒరిగిపోయినట్టు ఆపమని రచయితల్ని ఒత్తిడి పెట్టకండి. ఒకసారికి పాఠకుడు ఏడు రోజులు బెంగపడతాడు, రెండోసారి నవ్వుతాడు. ఆమె రైలు మెట్టు మీద కాలు పెట్టిన చోట ఆపండి. ఎక్కుతుందో లేదో తెలియకపోవడమే సరైన ఉత్కంఠ.

రెండోది, ధారావాహిక నడిచినన్నాళ్ళూ ప్రతి భాగం కింద ఒక్క వరుస వేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సలహా ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. దానికి నల్ల గీతల పెట్టె కట్టి, వణుకుతున్న అమ్మాయి బొమ్మ వేయకండి. కథ అక్షరాల సైజులోనే, కథ కిందే ఉంటే చాలు.

ఇట్లు,
కొందరు పాఠకులు, విజయనగరం